సాయం చేసిన పొరుగింటికి ఏమివ్వాలి? ఒడిశా సరిహద్దు ఊళ్లలోని తెలుగువాళ్ల కోసం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఈ ఊళ్లలో తెలుగింటి పక్కన తెలుగిల్లే ఉండాలని లేదు. గోడకు అటు ఒడియా కుటుంబం, ఎదురుగా మార్వాడీ దుకాణదారు, వెనక సందులో చర్చికి వెళ్లే సవర టీచరమ్మ ఉంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సుగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గీత మారినా వీధులు మారలేదు. కష్టం వచ్చినప్పుడు ముందుగా తలుపు తట్టేది ఈ పొరుగువాళ్లదే.

సాయం అందిన తర్వాత ఏదో ఒకటి ఇవ్వాలనిపిస్తుంది. ఏమివ్వాలో తెలియక చాలామంది బజారుకెళ్లి కిలో స్వీట్లు కొని ఇచ్చేస్తారు. అది తప్పేమీ కాదు గానీ, కొంచెం ఆలోచిస్తే అంతకన్నా మంచిది ఇవ్వొచ్చు. నా ఉద్దేశంలో మంచి కానుక రెండు పనులు చెయ్యాలి. వాళ్లు మనకోసం ఏం వదులుకున్నారో మనం గమనించామని వాళ్లకు తెలియాలి. అలాగని బాకీ తీర్చేసి లెక్క మూసేసినట్టు కనిపించకూడదు. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు.

మొదటి మెట్టు: వాళ్లు ఏం చేశారో సరిగ్గా గుర్తుచేసుకోండి

"చాలా సాయం చేశారు" అనుకుని ఊరుకోకుండా ఒక కాగితం మీద రాయండి. ఏ రోజు, ఏ వేళ, ఎవరు, ఏం వదులుకుని చేశారు? అర్ధరాత్రి బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి బండి మీద తీసుకెళ్లినాయన నిద్ర వదులుకున్నాడు, మర్నాటి డ్యూటీకి అలాగే వెళ్లాడు. మీరు శ్రీకాకుళం పెళ్లికి వెళ్తే తాళంచెవి దాచి, తులసికి నీళ్లు పోసి, పాలవాడికి సమాధానం చెప్పినావిడ రోజూ రెండు పూటలా మీ గుమ్మం దాకా వచ్చింది. ఒడియా చదవడం రాని మీకు తహసీల్ ఆఫీసు కాగితం చదివి పెట్టి, ఫారం నింపి, కౌంటర్ దగ్గర మీ తరఫున మాట్లాడిన కుర్రాడు సగం రోజు సెలవు పెట్టాడు. ఈ ప్రాంతంలో మనకు ఎక్కువగా అందే సాయం ఈ చివరిదే. దాన్ని చిన్నదిగా చూడకండి. ఆ కాగితంలో ఒక్క అక్షరం తేడా వస్తే మన పిల్లలే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

తుఫాను సాయం సంగతి వేరు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను వరదలో ముంచినప్పుడు, బావి ఉన్న ఇల్లు వీధి మొత్తానికి నీళ్లిచ్చింది, ఇన్వర్టర్ ఉన్న ఇల్లు అందరి ఫోన్లూ ఛార్జ్ చేసింది. అలాంటప్పుడు సాయం చేసినవాళ్లకీ నష్టం జరిగే ఉంటుంది. వాళ్ల కప్పు రేకులు ఎగిరిపోయి ఉంటే, స్వీట్ల పెట్టె కన్నా మీరు ఒక పూట వెళ్లి చెట్టు కొమ్మలు తొలగించడమే అసలైన కానుక.

ఈ మెట్టులోనే ఇంకో పని ఉంది. వాళ్లు మీకోసం చేతి డబ్బు పెట్టి ఉంటే, ఆటోకో మందులకో ఫారాల ఫీజుకో, ముందు అది లెక్కగా, విడిగా తిరిగి ఇచ్చేయండి. దాన్ని కానుకలో కలపకండి. మందులకు ఎనిమిది వందలు పెట్టినవాళ్లకు వెయ్యి రూపాయల చీర తీసుకెళ్తే, ఆ చీర కానుకా కాదు, బాకీ తీరినట్టూ కాదు. డబ్బు వద్దంటే "ఇది మందుల షాపు లెక్క, సాయం లెక్క కాదు" అని చెప్పి బల్ల మీద పెట్టండి. నాకు తెలిసినంతలో ఈ మాటకు ఎవరూ నొచ్చుకోరు.

రెండో మెట్టు: ఎంతలో

ఇది నా సొంత లెక్క. మీ స్థితిని బట్టి మార్చుకోండి. ఒక పూట సాయానికి రెండు మూడు వందలు దాటక్కర్లేదు, ఇంట్లో చేసిన వంటకమే చాలు. కొన్ని రోజులు సాగిన సాయానికి ఐదు వందల నుంచి వెయ్యి. ఆసుపత్రి, ప్రసవం, చావు లాంటి సందర్భాల్లో వారాల తరబడి నిలబడినవాళ్లకు అంతకు మించి పెట్టొచ్చు, పట్టుచీర దాకా వెళ్లొచ్చు. వాళ్ల సంపాదన కూడా చూసుకోండి. అందుకు తగినట్టు తిరిగి పెట్టలేమని వాళ్లు కుంగిపోయేంత ఖరీదైనది ఇస్తే, ఇంకోసారి మీ ఇంటికి రావడానికి మొహమాటపడతారు. సాయం చేసిన మనిషిని దూరం చేసుకున్నట్టు అవుతుంది.

నగదు మాత్రం ఇవ్వకండి. పిల్లల చేతిలో పుట్టినరోజుకో పండక్కో నూటొకటి పెట్టడం వేరు. పెద్దవాళ్లకు సాయానికి బదులుగా డబ్బిస్తే అది కూలి అవుతుంది.

పొరుగువాళ్లు ప్రభుత్వోద్యోగులైతే ఒక జాగ్రత్త ఉంది. కానుకలు తీసుకోవడం మీద వాళ్లకు ప్రవర్తన నియమాలుంటాయి. పక్కింటి మనిషిగా చేసిన సాయానికి ఇంటి వంటకం, పళ్లు ఇస్తే ఇబ్బంది ఉండదు. వాళ్ల ఆఫీసు పని ద్వారా మీకు మేలు జరిగి ఉంటే మాత్రం వస్తువులేమీ ఇవ్వకండి. మాటతో చెప్పండి, చాలు.

మూడో మెట్టు: ఆ ఇంట్లో ఎవరున్నారు, ఏం తింటారు

పెద్దాయనకు షుగర్ ఉందా? బెల్లంతో చేసినవి షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది నిజం కాదు, బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. అలాంటి ఇంటికి జీడిపప్పు, పళ్లు, కంది పొడి నయం. బీపీ ఉన్నవాళ్లకు ఊరగాయ జాడీ వద్దు.

మార్వాడీ, జైన కుటుంబాలైతే ఉల్లి, వెల్లుల్లి ఉన్నదేదీ పంపకండి. వెల్లుల్లి ఆవకాయ ఎంత బాగా కుదిరినా వాళ్ల గడప దాటదు. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకు పైగా క్రైస్తవులే. పర్లాకిమిడి చుట్టుపక్కల పొరుగువాళ్లకు క్రిస్మస్ ముందు వారంలో కజ్జికాయలు, జంతికలు పంపితే వాళ్ల ఇంటికొచ్చే చుట్టాలకు పెట్టుకుంటారు. గుడి ప్రసాదం మాత్రం వాళ్లకు పంపి ఇరుకున పెట్టకండి. హిందూ ఇంట్లో పెద్దవాళ్లకైతే సింహాచలం, అన్నవరం ప్రసాదం కన్నా ఇష్టంగా తీసుకునేది ఇంకోటి ఉండదు.

భర్త పోయిన ఆవిడ సాయం చేస్తే మనలో చాలామంది తడబడతారు. పసుపు కుంకుమలు పెట్టే తాంబూలం పద్ధతి పక్కన పెట్టి, పళ్లు, మంచి నేత శాలువా ఇవ్వండి. అందరికీ ఇచ్చినట్టే ఎదుట కూర్చుని, రెండు చేతులతో ఇవ్వండి. ఆవిడకు తీసుకెళ్లి ఇవ్వడం మానేసి కోడలి చేతికి అందించి వచ్చేయడం మాత్రం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. సాయం చేసింది ఆవిడ.

నాలుగో మెట్టు: వాళ్ల క్యాలెండర్ చూడండి

సరిహద్దులో ఉన్న మనకు ప్రత్యేకంగా తెలియాల్సింది ఇదే. మన నెల అమావాస్యతో ముగుస్తుంది. ఒడియావాళ్ల వ్రతాల నెల పున్నమితో ముగుస్తుంది. అందుకే వాళ్ల కార్తీకం మన కార్తీకం కన్నా పదిహేను రోజులు ముందే, దీపావళి రాకముందే మొదలవుతుంది. మన పంచాంగం చూసుకుని "ఇంకా ఆశ్వయుజమే కదా" అని చేపల పులుసు పంపితే, అక్కడ వాళ్లు అప్పటికే నీచు మానేసి ఉంటారు. నెలంతా మానలేనివాళ్లు కూడా కార్తీక పున్నమితో ముగిసే చివరి ఐదు రోజులు, వాళ్లు పంచుక అనే రోజులు, చాలా నిష్ఠగా ఉంటారు. ఆ నెలలో ఉల్లి, వెల్లుల్లి లేని పులిహోర, చలిమిడి, పళ్లు పంపండి.

మార్గశిర లక్ష్మివారాలు (గురువారాలు) మనకూ ఉన్నాయి, వాళ్లకూ ఉన్నాయి. వాళ్లు మాణబసా అంటారు. కొలపాత్రలో కొత్త ధాన్యం పోసి, బియ్యప్పిండితో ముగ్గులు పెట్టి లక్ష్మిని పూజిస్తారు. ఆ ప్రసాదాన్ని ఇంటివాళ్లే తింటారు, బయటివాళ్లకు పెట్టరు. చాలా ఇళ్లలో ఆ రోజు బియ్యం, డబ్బు బయటికి ఇవ్వరు. కాబట్టి ఆ రోజు కానుక పట్టుకెళ్తే తిరిగి ఏమీ పెట్టలేక వాళ్లు ఇబ్బంది పడతారు. శుక్రవారం వెళ్లండి. ఇక్కడా పదిహేను రోజుల తేడా గుర్తుంచుకోండి. వాళ్ల మార్గశిరం కార్తీక పున్నమి మర్నాడే మొదలవుతుంది.

ఇవ్వడానికి బాగా కుదిరే రోజు ఏదంటే నేను రజొ పండగే అంటాను. జూన్ నెల మధ్యలో మూడు రోజులు వస్తుంది. పిఠాలు, అంటే వాళ్ల పిండివంటలు, ముందే చేసిపెట్టుకుంటారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు నూరడం, దంచడం, వంట లాంటి పనులు పెట్టుకోకుండా ఊయల ఊగుతూ, పాన్ వేసుకుంటూ గడపాలని ఆచారం. ఈ రోజుల్లో ఎందరికి నిజంగా అంత తీరిక దొరుకుతుందో మీకూ తెలుసు. మీ పొరుగావిడ మీకు సాయం చేసి ఉంటే, రెండో రోజైన రజొ సంక్రాంతి నాటి మధ్యాహ్నం భోజనం మీ ఇంటి నుంచి పంపండి. పులిహోర, గారెలు, పప్పు, పెరుగు. ముందురోజే "రేపు మీరు పొయ్యి వెలిగించకండి, భావుజా (వదినా)" అని చెప్పి రండి. అది ఆవిడకు ఒక పూట విశ్రాంతి. ఇంట్లో ఆడపిల్లలుంటే గాజులు, రిబ్బన్లు కూడా పెట్టండి.

సావిత్రి వ్రతం మే ఆఖర్లోనో జూన్ మొదట్లోనో అమావాస్య నాడు వస్తుంది. ముందురోజు పళ్లు, గాజులు ఇస్తే నోముకు పనికొస్తాయి. ఆ రోజు ధరలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి మీరు తెచ్చిన మామిడిపళ్లు, పనసపండు వాళ్లకు నిజంగా అక్కరకొస్తాయి. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణీ జాతర జరిగినప్పుడు ఇళ్లు చుట్టాలతో నిండిపోతాయి. అప్పుడు డబ్బాడు జంతికలు పంపినా సంతోషిస్తారు.

ఇంట్లో చావు జరిగి మైల ఉన్న రోజుల్లో ఏ కానుకా వద్దు. ఆ రోజులు గడిచాక వెళ్లండి.

ఐదో మెట్టు: వస్తువు ఎంచుకోవడం

ఇక్కడ నేను పాటించే సూత్రం ఒకటుంది. వాళ్లకు సులువుగా దొరకనిది, కానీ వాళ్లు వాడేది ఇవ్వాలి. బరంపురం మనిషికి బరంపురం అప్పడాలు, బజారు ఊరగాయ కొనిస్తే ఏం కొత్త? ఆ రెండింటికీ ఊరు పెట్టింది పేరు. కోరాపుట్ మనిషికి కోరాపుట్ కాఫీ పొడి కూడా అంతే. అవి గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన పొరుగువాళ్లకు ఇవ్వండి. ఒడియావాళ్లకు మాత్రం మన వైపు నుంచి వచ్చినదే బాగుంటుంది.

మొదట చెప్పాల్సింది బెల్లం ఆవకాయ గురించి. ఒడియా ఇంట్లో మామిడికాయ ఖట్టా తీపి, పులుపు కలిసి ఉంటుంది. మన ఎర్ర ఆవకాయ ఘాటు వాళ్లలో చాలామందికి ఎక్కువ. బెల్లం ఆవకాయ వాళ్ల నాలుకకు చప్పున పడుతుంది. మే నెలలో పెట్టి, మూడో రోజు తిరగకలిపి, ముక్క ఊరేదాకా ఉంచితే సరిగ్గా రజొ నాటికి సిద్ధమవుతుంది. మామూలు ఆవకాయే ఇవ్వాలనుకుంటే కారం పావు వంతు తగ్గించండి. ఉప్పు తగ్గించకండి, తగ్గిస్తే బూజు పడుతుంది. పొడి గాజు సీసాలో పెట్టి, పైన నూనె తేలేలా చూసి, "తడి గరిటె పెట్టకండి" అని చెప్పి ఇవ్వండి. అరిసెలు మాత్రం నేను పంపను. వాళ్లూ అరిసా పిఠా చేసుకుంటారు, మనకన్నా బాగా చేసేవాళ్లూ ఉన్నారు. దానికి బదులు సున్నుండలు, గోంగూర పచ్చడి, పూతరేకులు పంపండి. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పిస్తే రైల్లో నలిగిపోకుండా గట్టి అట్టపెట్టె అడగండి.

వంట చేసే తీరిక లేనివాళ్లకు పలాస జీడిపప్పు ఉంది. కొనేటప్పుడు నంబరు అడగండి. 180, 240, 320 అన్న అంకెలు పౌను బరువుకు ఎన్ని గుళ్లు తూగుతాయో చెబుతాయి. అంకె తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. కానుకకు 240 సరిపోతుంది. ఒకటి నమిలి చూడండి, నూనె కంపు కొడితే పాత సరుకు. ప్లాస్టిక్ సంచీలో కాకుండా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసి ఇవ్వండి. పప్పు అయిపోయినా డబ్బా వాడుకుంటారు.

చిన్నపిల్లలున్న ఇంటికి ఏటికొప్పాక లక్క బొమ్మలు పంపొచ్చు. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మరీ చిన్నపిల్లలకైతే ఊడిపోయే చిన్న ముక్కలు లేని బొమ్మ చూసి తీసుకోండి.

పట్టుచీర పెద్ద సాయానికే. ఒడియా పొరుగావిడకు బరంపురం పట్టు దగ్గర్లోనే దొరుకుతుంది, నిజమే. కానీ తన కోసం తాను అంత డబ్బు పెట్టి కొనుక్కోదు. అందుకని ఇక్కడ నా సూత్రాన్ని పక్కన పెడతాను. గుడి శిఖరాల వరసలా ఉండే ఫొడా కుంభ అంచు ఈ ఊరి గుర్తు. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. అనుమానమొస్తే అంచు నుంచి ఒక దారం అడిగి తీసుకుని కాల్చి చూడండి. అసలు పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద అవుతుంది. కృత్రిమ దారం కరిగి గట్టి గుండులా అవుతుంది. ఒడిశా చేనేత సహకార సంఘం వాళ్ల బొయనిక షోరూములో కొంటే ఈ టెన్షన్ తక్కువ. రంగు విషయంలో ఆవిడ ఎక్కువగా ఏం కడుతుందో మీ ఇంటి ఆడవాళ్లను అడగండి. సాయం చేయించుకున్నది మగవాడైనా చీర తన ఇంటి ఆడవాళ్ల చేత ఇప్పించడమే మర్యాద.

ఇక అందంగా కనిపించకపోయినా నేను మనస్ఫూర్తిగా చెప్పే కానుక ఒకటుంది. ఛార్జింగ్ ఎమర్జెన్సీ లైటు గానీ మంచి పవర్ బ్యాంకు గానీ. సెప్టెంబర్‌లో ఇవ్వండి, అక్టోబర్ గాలివానల ముందు. ఒంటరిగా ఉండే వృద్ధ దంపతులకైతే ఛార్జ్ చేసి, ఎలా వెలిగించాలో చూపించి మరీ ఇవ్వండి.

కాగితాలు చదివిపెట్టిన కుర్రాడికి ఏమివ్వాలి? అతని చదువేమిటో, ఏ పరీక్షకు తయారవుతున్నాడో కనుక్కోండి. పుస్తకమో, పరీక్ష ఫీజో, పరీక్ష రోజు విశాఖ దాకా తోడు వెళ్లడమో. వస్తువు కన్నా మీ సమయం ఎక్కువ పనికొచ్చే సందర్భం ఇది. విశాఖలో మీకు చుట్టాలుంటే రాత్రి బస ఏర్పాటు చెయ్యండి.

కత్తులు, చెప్పులు, నల్లని బట్టలు, ఉప్పు మామూలుగా ఇవ్వరు. మీకు నమ్మకం లేకపోయినా వాళ్లకు ఉండొచ్చు.

ఆరో మెట్టు: రెండు వాక్యాలు రాయండి

కానుకతో పాటు ఒక చీటీ పెట్టండి, ఒడియాలో. మనలో చాలామంది ఒడియా మాట్లాడతారు, రాయలేరు. బడికెళ్లే మన పిల్లలు రాయగలరు. వాళ్ల చేత రాయించండి. "ఆ రాత్రి మీరు నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాడు నిద్ర లేకుండా డ్యూటీకి వెళ్లారని మాకు తెలుసు." ఇంత చాలు. జరిగిన పని పేరు పెట్టి రాయడం ముఖ్యం. "మీ రుణం తీర్చుకోలేం" లాంటి మాటలు పెద్దవే గానీ, చదివేవాళ్లకు ఏమీ గుర్తుచెయ్యవు. పిల్లల అక్షరాలు వంకరగా ఉంటే అలాగే ఉండనివ్వండి.

ఏడో మెట్టు: ఇచ్చే తీరు

సాయం అందిన వెంటనే పరుగెత్తకండి, చాలా ఆలస్యమూ చెయ్యకండి. ఆ రోజే నోటితో చెప్పండి, వారం పదిరోజుల్లో కానుక ఇవ్వండి. పండగ దగ్గర్లో ఉంటే పండక్కి ఇవ్వండి. ధర చీటీ తీసెయ్యండి. గడప మీద నిలబడి చేతులు మార్చుకోవడం మన దగ్గరా బాగోదు, లోపలికి వెళ్లి కూర్చోండి. మిగతా వీధివాళ్ల ముందు ఇవ్వకండి, సాయం చెయ్యలేకపోయినవాళ్లు నొచ్చుకుంటారు.

"ఇవన్నీ ఎందుకు, మేం పరాయివాళ్లమా?" అని ఒకటి రెండుసార్లు అంటారు. అది మర్యాదకు అనే మాట. "పరాయివాళ్లు కాదు కాబట్టే మాఉసీ (పిన్నీ), ఇంట్లో చేసింది తెచ్చాం" అనండి. మూడోసారీ గట్టిగా వద్దంటే బలవంతం చెయ్యకుండా వెనక్కి తెచ్చేసి, తర్వాత వాళ్ల పిల్లల పుట్టినరోజుకు ఇవ్వండి.

ఆ తర్వాత

చీర కట్టారా, లైటు వాడుతున్నారా అని అడగకండి. మీ గిన్నె తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రాదు. పొడ పిఠా ముక్కో, కాకరా పిఠాలో, కనీసం గుప్పెడు పంచదారో వస్తుంది. "మళ్లీ మొదలైందా" అనుకోకండి, వాళ్ల గిన్నె మీ ఇంటికొస్తే మీరూ అదే చెయ్యండి. అందుకే మొదటిసారి పంపేటప్పుడు మీకు తిరిగి కావాల్సిన ఖరీదైన పాత్రలో పంపకండి. పారేసే ప్లాస్టిక్ డబ్బాలో కూడా వద్దు. మామూలు స్టీలు గిన్నె, అడుగున మీ ఇంటి పేరు చెక్కించినది, మంచిది. బజారులో పాత్రలమ్మే కొట్టులోనే పేరు చెక్కిస్తారు. ఆ ఇంటి పెద్ద పండగలు, పిల్లల పుట్టినరోజులు మీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి, కార్తీక మార్గశిరాలకు మాత్రం కోహినూర్ లాంటి ఒడియా పంజికా (పంచాంగం) చూసుకుని.